ఈడూజోడూ: పాత స్పీకర్‌కు తగిన యాంప్లిఫయర్ ఏది?

అక్రోటు చెక్క పొర అతికించిన ఆ పెట్టె ఎత్తు 25 అంగుళాలు, బరువు సుమారు 24 కిలోలు. ముందువైపు బిగించిన లేత గోధుమరంగు నారగుడ్డను మెల్లగా ఊడదీస్తే 12 అంగుళాల నల్లని కోన్ బయటపడుతుంది. దాని అంచున ఒకప్పుడు మెత్తగా సాగిన ఫోమ్ వలయం ఇప్పుడు వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలి జిగురులా అంటుకుంటుంది. పెట్టెను వెనక్కి తిప్పితే 1, 2, టి అనే గుర్తులతో మూడు మరలు, వాటి దగ్గరే రెండు గుండీలు ఉంటాయి. వాటిలో ఒకటి మధ్యస్థాయి శబ్దాన్ని, రెండవది సన్నని శబ్దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఏర్పాటు చేసినవి. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పకపోవడం వల్ల లోపలి లోహం చిలుము పట్టి, గుండీ తిరిగినా శబ్దం మారదు, లేదా ఒక్కసారిగా చిటపటలాడి మాయమవుతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జి పట్టణంలో పనిచేసిన అకౌస్టిక్ రీసెర్చ్ అనే సంస్థ 1967లో విడుదల చేసిన ఏఆర్-3ఏ స్పీకర్ ఇది. యాభై ఏళ్లు దాటిన ఇలాంటి జతను ఇంటికి తెచ్చుకున్నవారు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ‘దీనికి ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి’ అన్నదే. అంగడిలో ఆ ప్రశ్నకు ఠక్కున సమాధానం దొరుకుతుంది, కానీ ఆ సమాధానం వల్ల చాలాసార్లు పాత స్పీకర్‌కు మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

మళ్లీ తిరుగుతున్న పళ్లెం

పాత స్పీకర్ల మీద ఇప్పుడు ఇంత ఆసక్తి పుట్టడానికి మూలం వినైల్ రికార్డులకు తిరిగివచ్చిన ఆదరణ. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల రికార్డులు అమ్ముడుపోగా, సీడీలు 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగిపోయాయి. సంఖ్యలో రికార్డులు సీడీలను దాటడం 1987 తరువాత అదే మొదటిసారి. రికార్డు ప్లేయర్ కొన్నవారి చూపు ఆ కాలపు స్పీకర్ల మీద పడటం సహజమే కనుక, కంపెనీలు కూడా పాత పేర్లను బయటికి తీశాయి. జేబీఎల్ సంస్థ 1970 నాటి ఎల్100ను 2018లో ‘ఎల్100 క్లాసిక్’ పేరుతోనూ, ఇంగ్లండ్‌కు చెందిన వార్ఫ్‌డేల్ తన లింటన్‌ను 2019లోనూ మళ్లీ మార్కెట్లోకి తెచ్చాయి.

ఈ కొత్త రూపాలు ఖరీదైనవి కాబట్టి అసలు పాతవాటి కోసమే వెతికేవారు చాలామంది ఉన్నారు. అమెరికాలో ఉండే తెలుగువారికి ఇవి గ్యారేజ్ సేల్‌లలో కనబడతాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతకో జుమ్మేరాత్ బజారుకో వెళ్లేవారికి ఈ అమెరికా, బ్రిటిష్ పేర్ల కంటే సోనోడైన్, కాస్మిక్, ఫిలిప్స్ పేర్లు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. పేరు ఏదైనా పెట్టె ఒక్కటే చేతికొస్తుంది. దానితో ఆనాడు కాపురం చేసిన యాంప్లిఫయర్ ఎప్పుడో పాతసామాన్లవాడి తక్కెడ ఎక్కి ఉంటుంది.

పెట్టెలో ఉన్నది సగమే

స్పీకర్ లోపల అయస్కాంతపు సన్నని సందులో వేలాడే రాగి తీగ చుట్టను వాయిస్ కాయిల్ అంటారు. యాంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్తుకు అది ముందుకూ వెనక్కూ కదులుతూ కోన్‌ను కదిలిస్తుంది, కోన్ గాలిని కదిలిస్తుంది. అంతవరకూ అందరికీ తెలిసినదే. అయితే అయస్కాంతంలో కదిలే ఏ తీగ చుట్ట అయినా ఒక చిన్న జనరేటరే కాబట్టి, కాయిల్ కదులుతూ తానూ కొంత విద్యుత్తును పుట్టించి వెనక్కి పంపుతుంది. ఆ ఎదురు విద్యుత్తును యాంప్లిఫయర్ ఎంత గట్టిగా అణచగలిగితే, పాట ఆగిన క్షణాన కోన్ అంత త్వరగా ఆగుతుంది. ఈ పట్టును కొలిచే అంకెను డ్యాంపింగ్ ఫ్యాక్టర్ అంటారు. స్పీకర్ అవరోధాన్ని, అంటే అది విద్యుత్ ప్రవాహానికి కల్పించే అడ్డును, యాంప్లిఫయర్ సొంత అవరోధంతో భాగిస్తే అది వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 0.1 ఓమ్ అవరోధం ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ జతపడితే ఆ అంకె 80. అదే స్పీకర్‌కు అర ఓమ్ అవరోధమున్న పాత వాల్వు యాంప్లిఫయర్ జతపడితే 16 మాత్రమే.

ఎక్కువ అంకె వచ్చినదే మంచిదని అనుకోవడం తేలిక, కానీ స్పీకర్ ఏ కాలానిదన్నదీ చూడాలి. పెట్టె పరిమాణానికీ కోన్ గుణాలకూ గల సంబంధాన్ని ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోనూ, ఆ తరువాత దశాబ్దంలో రిచర్డ్ స్మాల్‌ విస్తృతంగానూ లెక్కకట్టి చూపేదాకా, పెట్టెలను రూపొందించినవారు చాలావరకు అనుభవం మీద, చెవి మీద ఆధారపడ్డారు. ఆ చెవి విన్నది తమ బల్ల మీదున్న వాల్వు యాంప్లిఫయర్ ద్వారానే గనుక, దాని వదులు పట్టు వల్ల మంద్రస్థాయిలో వచ్చే నిండుదనం స్పీకర్ రూపకల్పనలోనే కలిసిపోయింది. 1950ల నాటి కొన్ని పెద్ద పెట్టెలను నేటి బిగువైన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు కలిపినప్పుడు శబ్దం స్పష్టంగా ఉన్నా పల్చబడినట్టు అనిపించడానికి ఇదే కారణం. స్పీకర్‌లో లోపమేమీ లేదు, యాంప్లిఫయర్‌లోనూ లేదు. ఈడు కుదరక జోడు కుదరలేదంతే.

వాట్ల మాయ

1990లలో టేప్‌రికార్డర్లు కొన్నవారికి ‘పీఎంపీఓ’ అన్న నాలుగక్షరాలు గుర్తుండే ఉంటాయి. అరచేతి వెడల్పు స్పీకర్లున్న సెట్ల మీద కూడా వందల, వేల వాట్ల అంకెలు మెరుస్తుండేవి. క్షణకాలపు శిఖరాన్ని ఊహించి వేసిన ఆ అంకెకు వినబడే శబ్దంతో సంబంధమే ఉండేది కాదు. ఈ రోగం భారతదేశానికి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోనూ కంపెనీలు ఎవరికి తోచిన వాట్లు వారు రాసుకుంటూ పోవడంతో, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చి, నిరంతరాయంగా ఇవ్వగలిగిన శక్తినే, ఎంత వక్రీకరణతో ఇస్తుందో కూడా చెప్పి ప్రకటించాలని కట్టడి చేసింది. ఆ తరువాతి సంవత్సరాల్లో జపాన్ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి భారీ రిసీవర్లు తయారుచేశాయి. పయనీర్ ఎస్ఎక్స్-1980 రిసీవర్ 1978లో ఛానల్‌కు 270 వాట్ల దాకా వెళ్లింది. 1970ల ద్వితీయార్ధపు యాంప్లిఫయర్ల అంకెలు అంతకు ముందువాటి కంటే నమ్మదగినవి కావడానికి ఆ నిబంధనే కారణం.

స్పీకర్ వెనుక రాసి ఉండే వాట్లు దాని ఆకలిని చెప్పవు; అది ఎంతవరకు తట్టుకోగలదో మాత్రమే, అదీ ఉజ్జాయింపుగా, చెబుతాయి. ఆకలిని చెప్పే అంకె వేరే ఉంది. ఒక వాటు విద్యుత్తు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో కొలిస్తే వచ్చేదాన్ని సెన్సిటివిటీ, అంటే స్పందనశీలత, అంటారు. శబ్దం మూడు డెసిబెల్‌లు పెరగాలంటే విద్యుత్తు రెట్టింపు కావాలి, పది డెసిబెల్‌లు పెరగాలంటే పదింతలు కావాలి. 50 వాట్ల యాంప్లిఫయర్‌ను తీసేసి 100 వాట్లది పెట్టినందువల్ల దక్కేది ఆ మూడు డెసిబెల్‌లే. చెవికి తేడా తెలుస్తుంది గాని జేబుకు తెలిసినంత కాదు.

[బాక్స్] ఒకే శబ్దం, మూడు ఆకళ్లు

*ఒక మీటరు దూరంలో 95 డెసిబెల్‌ల శబ్దానికి కావలసిన విద్యుత్తు:*

క్లిప్ష్‌హార్న్ (అమెరికా, 1946, స్పందనశీలత సుమారు 104 డెసిబెల్‌లు): వాటులో ఎనిమిదో వంతు.

జేబీఎల్ ఎల్100 (అమెరికా, 1970, సుమారు 91): రెండున్నర వాట్లు.

ఎల్ఎస్3/5ఏ (బ్రిటన్, 1970లు, సుమారు 83): 16 వాట్లు.

*పాటలో ఒక్కసారిగా లేచే శిఖరం ఇంకో పది డెసిబెల్‌లు కోరితే ఈ అంకెలన్నిటినీ పదితో గుణించాలి. అప్పుడు క్లిప్ష్‌హార్న్‌కు వాటుంబావు చాలు; ఎల్ఎస్3/5ఏకు 160 వాట్లు కావాలి, కానీ అంత భారాన్ని ఆ చిన్న కోన్ మోయలేదు.*

ఈ రెండు కొసల మధ్య ఉన్న తేడా మనుషుల అవసరాల్లోంచి వచ్చింది. పాల్ క్లిప్ష్ 1946లో అర్కాన్సాస్ రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊరిలో సంస్థ పెట్టేనాటికి ఇళ్లలో ఉండే యాంప్లిఫయర్లు కొద్దిపాటి వాట్లే ఇచ్చేవి. అందుకే ఆయన గది మూలనే బాకా అంచుగా వాడుకొనే, మడతలు పెట్టిన హారన్‌ను తయారుచేశారు; దానివల్ల పిసరంత విద్యుత్తుకే గది నిండా శబ్దం వస్తుంది. ఎల్ఎస్3/5ఏ పుట్టిన సందర్భం ఇందుకు పూర్తిగా భిన్నం. బీబీసీ ఇంజినీర్లు బయటి ప్రసారాల వ్యాన్లలో, నాలుగు మూరలైనా లేని ఇరుకులో కూర్చుని ప్రసారమవుతున్న మాటను సరిచూసుకోవడానికి చేసుకున్న, ఐదు లీటర్ల గాలి పట్టే డబ్బా అది. దానికి చెవికి దగ్గరగా, మెల్లగా, మనిషి గొంతును ఉన్నదున్నట్టు పలకడమే పని. దాన్ని పెద్ద హాలులో పెట్టి, ‘గట్టిగా రావడం లేదు’ అని 200 వాట్ల యాంప్లిఫయర్ తగిలించడం వీణ మీద డప్పు కొట్టబోవడం లాంటిది.

ఎక్కువ స్పందించే స్పీకర్లతో ఇంకో చిక్కు ఉంది, దాన్ని దుకాణదారులు అంతగా చెప్పరు. యాంప్లిఫయర్ ఊరికే ఉన్నప్పుడు వచ్చే సన్నని ‘హమ్’, ‘స్స్’ శబ్దాలను కూడా ఇవి అంతే శ్రద్ధగా వినిపిస్తాయి. క్లిప్ష్‌హార్న్‌కో, బ్రిటిష్ కంపెనీ టానాయ్ చేసిన పెద్ద పెట్టెకో యాంప్లిఫయర్ ఎంచుకునేవారు వాట్లను పక్కనపెట్టి, పాట లేనప్పుడు అది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వినవలసి ఉంటుంది.

ఓమ్‌ల గుట్టు

పాత బ్రిటిష్ స్పీకర్ల వెనుక 15 లేదా 16 ఓమ్‌లు అని ఉంటుంది. ఎల్ఎస్3/5ఏ తొలి రూపం 15 ఓమ్‌లదే, 1980ల చివర్లో అది 11 ఓమ్‌లకు మారింది. వాల్వు యాంప్లిఫయర్లలో స్పీకర్‌కు ముందు ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, 4, 8, 16 ఓమ్‌లకు వేరువేరు తీగలు బయటికి తీసి ఉంచేవారు కాబట్టి, ఏ స్పీకర్‌కైనా పూర్తి శక్తి అందేది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో సాధారణంగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 8 ఓమ్‌ల వద్ద 25 వాట్లు ఇచ్చే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ సుమారు 14 వోల్టులు మాత్రమే పుట్టించగలదు. అవే 14 వోల్టులు 15 ఓమ్‌ల స్పీకర్‌లోంచి పోతే వచ్చేది 13 వాట్లు. కాగితం మీద ఒకే అంకె ఉన్న రెండు యాంప్లిఫయర్లలో వాల్వుది గట్టిగా, ట్రాన్సిస్టర్‌ది నీరసంగా వినిపించడంలో మాయామర్మం ఏమీ లేదు. 15 ఓమ్‌ల స్పీకర్ ఉన్నవారు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ కొనేటప్పుడు అవసరమనుకున్న వాట్లకు రెట్టింపు ఉన్నదాన్ని చూసుకోవడమే దీనికి విరుగుడు.

ఏఆర్-3ఏ కథ ఇందుకు తలకిందులు. దాని అవరోధం 4 ఓమ్‌లే. అడ్డు తక్కువైన కొద్దీ యాంప్లిఫయర్ నుంచి ప్రవాహం ఎక్కువగా పరుగెడుతుంది. ఆ ప్రవాహం సరఫరా చేయలేని పరికరం మొదట వేడెక్కుతుంది, తరువాత ఫ్యూజు కొట్టేస్తుంది, ఖర్మ కాలితే ట్రాన్సిస్టర్లను పోగొట్టుకుంటుంది. ఈ స్పీకర్ స్పందనశీలత కూడా తక్కువే. సంస్థను 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి స్థాపించిన ఎడ్గార్ విల్చర్, కోన్‌ను వెనక్కి లాగే పనిని గట్టి వలయాలకు బదులు గాలి చొరబడని పెట్టెలోని గాలికే అప్పగించారు. అల్మరా అంత పెట్టె అవసరమయ్యే మంద్రశబ్దాన్ని పుస్తకాల అరలో పట్టే పెట్టె నుంచి రాబట్టారు, దానికి మూల్యంగా స్పందనశీలతను వదులుకున్నారు. అందుకే ఛానల్‌కు కనీసం 25 వాట్లు కావాలని కంపెనీయే చెప్పేది. అంతటితో ఆగకుండా, 4 ఓమ్‌ల వద్ద ఛానల్‌కు 60 వాట్లు స్థిరంగా ఇవ్వగలిగే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను తానే తయారుచేసి అమ్మింది. స్పీకర్‌కు యాంప్లిఫయర్ మిగతా సగమన్న సంగతి ఆ సంస్థకు తెలుసుననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అమ్మకంలోనూ విల్చర్ సంస్థ పద్ధతి వేరుగా ఉండేది. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో అది ఒక సంగీతపు గదిని నడిపేది. రైలుకు టైమున్న ఎవరైనా అందులోకి వెళ్లి కూర్చుని వినవచ్చు, కొనమని అడిగేవారు లేరు, అక్కడ అమ్మకమే లేదు. స్పీకర్‌నూ యాంప్లిఫయర్‌నూ జతగా, తీరుబడిగా వినడమన్నది ఇప్పటి దుకాణాల్లో దాదాపు కనుమరుగైంది.

ఇప్పుడు ఇళ్లలో టీవీ కింద ఉండే హోమ్ థియేటర్ రిసీవర్ల వెనుక, 6 లేదా 8 ఓమ్‌లకు తగ్గకూడదని తరచుగా రాసి ఉంటుంది. అలాంటి దానికి ఏఆర్-3ఏ తగిలించడం ఒంటెద్దు బండికి రెండు బస్తాలు ఎక్కువ వేయడమే. కాసేపు లాగుతుంది, అంతే.

ముప్పై మూడు వోల్టుల గీత

అవరోధం, వాట్లు, వోల్టులు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో చూపడానికి ఇంగ్లండ్‌లోని హంటింగ్డన్‌లో తయారైన క్వాడ్ ఈఎస్ఎల్‌ను మించిన ఉదాహరణ లేదు. 1957లో అమ్మకానికి వచ్చిన ఈ స్పీకర్‌లో కోన్ లేదు, అయస్కాంతం లేదు, అసలు పెట్టే లేదు. చూడటానికి కంచు రంగు జాలీ బిగించిన గది హీటర్‌లా ఉంటుంది. చిల్లులు పెట్టిన రెండు పలకల నడుమ అతి పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి బిగించి, దానికి వేల వోల్టుల స్థిర విద్యుదావేశం ఇస్తారు. మంద్ర భాగానికి 6,000 వోల్టులు, తార భాగానికి 1,500. పలకల మీదికి పాట విద్యుత్తు వచ్చినప్పుడు ఆ పొర మొత్తం ఒకేసారి ఊగుతుంది. రూపకర్త పీటర్ వాకర్ అంతకు ముందే, 1953లో, క్వాడ్ II అనే 15 వాట్ల వాల్వు యాంప్లిఫయర్‌ను విడుదల చేసి ఉన్నారు. స్పీకర్‌ను దానికి జతగానే ఊహించారు.

ఆ తార పలక సుమారు 33 వోల్టుల శిఖరం దాటితే లోపల నిప్పురవ్వ దూకి, పొరకు సూదిమొనంత చిల్లు పడుతుంది. ఇప్పుడు లెక్క చూడవచ్చు. క్వాడ్ II తన 15 వాట్లను 16 ఓమ్‌లలోకి పంపినప్పుడు శిఖర వోల్టేజి 22, భయం లేదు. అదే కంపెనీ 1967లో తెచ్చిన 303 అనే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ 8 ఓమ్‌లకు 45 వాట్లు ఇస్తుంది, శిఖరం 27, గీతకు ఇవతలే. 1975లో వచ్చిన 405 శక్తి 100 వాట్లు, శిఖరం 40, గీత దాటింది. తన స్పీకర్‌ను తన యాంప్లిఫయరే కాల్చేసే పరిస్థితి రావడంతో, ఈఎస్ఎల్ ఉన్నవారి కోసం 405కు వోల్టేజిని అదుపుచేసే ఏర్పాటును కంపెనీ అందించవలసి వచ్చింది. నేడు 100 వాట్ల యాంప్లిఫయర్‌ను మామూలు వస్తువుగా చూసే దుకాణంలో ఈ గీత గురించి హెచ్చరించేవారు ఉండరు.

ఇదంతా వోల్టుల సంగతి. దీనికి తోడు ఈ స్పీకర్ అవరోధం కింది స్థాయిల్లో 30 ఓమ్‌లు దాటి, అత్యంత సన్నని శబ్దాల దగ్గర 2 ఓమ్‌ల దాకా దిగిపోతుంది. వెనుక పలక మీద ఒకే ఒక్క అంకెగా రాసే అవరోధం నిజానికి ఒక వంకర గీతకు వేసిన ఉజ్జాయింపు మాత్రమే అని, ఆ గీత అడుగున ఏముందో చూడకుండా యాంప్లిఫయర్ ఎంచుకోకూడదని ఈ స్పీకర్ నేర్పుతుంది. ఈఎస్ఎల్‌ను విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లకు తేవాలనుకునేవారు ఇంకొకటి కూడా ఆలోచించవలసి ఉంటుంది: గాలిలో తేమ, దుమ్ము కలిస్తే వేల వోల్టుల ఆవేశం పొర మీద నిలవక కారిపోతుంది.

వాల్వా, ట్రాన్సిస్టరా?

ఈ వాదన హై-ఫై అభిమానుల మధ్య దశాబ్దాలుగా తెగలేదు, ఇక్కడా తెగదు. డి.టి.ఎన్. విలియమ్సన్ 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రచురించిన 15 వాట్ల వాల్వు యాంప్లిఫయర్ నమూనాను చూసి ఎందరో ఇంట్లోనే సొంతంగా కట్టుకున్నారు. వార్ఫ్‌డేల్ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్, పీటర్ వాకర్‌తో కలిసి 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో, సుమారు 3,000 మంది పట్టే ఆ ప్రాంగణంలో, గాయకుల పాటనూ, వాల్వు యాంప్లిఫయర్ల మీద మోగే రికార్డులనూ పక్కపక్కన వినిపించారు. స్పందించే గుణం ఎక్కువగా ఉన్న, 1950లు, 60ల నాటి పెద్ద పెట్టెలకు మంచి స్థితిలో ఉన్న చిన్న వాల్వు యాంప్లిఫయర్ సరిపోతుందనడానికి ఆధారాలు గట్టివే. ఏఆర్-3ఏ వంటి తక్కువ ఓమ్‌ల, మూసిన పెట్టెలకు ప్రవాహం ధారాళంగా ఇచ్చే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరే తగినది. 1970ల జేబీఎల్, యమహా స్పీకర్లు ట్రాన్సిస్టర్ యుగంలో పుట్టినవే గనుక వాటికి వాల్వుల కోసం వెంపర్లాడటంలో అర్థం లేదు. అందం కోసమైతే అది వేరే మాట.

వినే పాటను బట్టి కూడా నిర్ణయం మారుతుంది. ఘంటసాల, పి. లీల గొంతులున్న 1950ల సినిమా రికార్డులు ఒకే ఛానల్‌లో ముద్రించిన మోనో రికార్డులు. వాటి ప్రాణమంతా మధ్యస్థాయిలో, గొంతులో ఉంటుంది. పాత యాంప్లిఫయర్ల మీద కనిపించే ‘మోనో’ మీట నొక్కితే గీతల గరగర కొంత తగ్గి గొంతు నడిమధ్యకు వస్తుంది. కొత్తవాటిలో చాలావాటికి ఆ మీట లేదు, కొన్నిటికి రికార్డు ప్లేయర్‌ను నేరుగా కలిపే ఫోనో ద్వారమూ లేదు. కచేరీలు వినేవారికైతే పరీక్ష మృదంగం ఎడమ తల. ఆ దెబ్బ గుండ్రంగా మోగి ఆగితే జోడు కుదిరినట్టు. ఊగుతూ సాగితే యాంప్లిఫయర్ పట్టు చాలనట్టు.

చిన్నదే కాలుస్తుంది

పెద్ద యాంప్లిఫయర్ పెడితే స్పీకర్ కాలిపోతుందన్న భయం కొంతవరకే నిజం. తార శబ్దాలు పలికే చిన్న ట్వీటర్లు చాలాసార్లు చచ్చేది చిన్న యాంప్లిఫయర్ చేతిలో. తన శక్తికి మించి వాల్యూమ్ పెంచినప్పుడు యాంప్లిఫయర్ తరంగాల శిఖరాలను కత్తితో కోసినట్టు చదును చేస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైన తరంగంలో శక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి 30 వాట్ల యాంప్లిఫయర్ 60 వాట్ల దాకా కక్కుతుంది, పైగా చదునైన అంచుల నుంచి పుట్టే అదనపు సన్నని శబ్దాలు ట్వీటర్ మీదికే పోతాయి. పెళ్లింట్లో ఎవరో కుర్రవాడు వాల్యూమ్ గుండీని చివరిదాకా తిప్పిన రాత్రికే ఎన్నో పాత ట్వీటర్ల ఆయువు తీరింది.

ఈ మధ్య తక్కువ ధరకు దొరికే క్లాస్-డి యాంప్లిఫయర్ బోర్డుల విషయంలో ఇది మరీ ముఖ్యం. డబ్బా మీద 50+50 అని ఉన్నా, 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఛానల్‌కు సుమారు 9 వాట్లకు మించి శుభ్రంగా ఇవ్వలేదు. ఆ 50 కావాలంటే వోల్టులు రెట్టింపు, ఓమ్‌లు సగం కావాలి. వీటిలో చాలావాటికి స్పీకర్ నలుపు తీగ కూడా భూమితో కలవని, విద్యుత్తు ఉన్న తీగే. పాత స్విచ్ పెట్టెలు వాడి రెండు ఛానళ్ల నలుపు తీగలను ఒకచోట కలిపితే బోర్డు అక్కడికక్కడే పోతుంది.

[బాక్స్] మైక్‌సెట్ యాంప్లిఫయర్‌తో జాగ్రత్త

*అహూజా వంటి మైక్‌సెట్ యాంప్లిఫయర్లు వీధుల్లో దూరదూరంగా కట్టే హారన్‌ల కోసం చేసినవి. వాటి వెనుక 4, 8, 16 ఓమ్‌లతో పాటు 100 వోల్టుల లైను అనే మర ఉంటుంది. అది సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్‌లకే. ఇంటి స్పీకర్‌ను దానికి తగిలిస్తే వాయిస్ కాయిల్ మాడిపోతుంది. ఇంగ్లండ్‌లో మైక్‌సెట్‌ను జనం ‘టానాయ్’ అంటారు. ఇళ్లలో దేవతార్చన చేసినట్టు చూసుకునే టానాయ్ స్పీకర్లు చేసిన కంపెనీ పేరే అది.*

ముందు రోగి, తరువాత మందు

అమెరికా నుంచి తెచ్చే యాంప్లిఫయర్ 120 వోల్టులకు, జపాన్ దేశీయ మార్కెట్‌ది 100 వోల్టులకు చేసినది కాబట్టి, ఇక్కడి 230 వోల్టులకు తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. స్పీకర్‌కు ఆ బాధ లేదు. సాధారణ స్పీకర్ ఏ దేశానిదైనా ఏ దేశంలోనైనా పలుకుతుంది. వాల్వు యాంప్లిఫయర్ ఊరికే ఉన్నా వేడిని చిమ్ముతుంది గనుక, రామగుండం ఎండల్లో దాన్ని అద్దాల షోకేసులో మూసి పెట్టడం దాని ఆయుర్దాయాన్ని కుదించడమే.

అయితే యాంప్లిఫయర్ కొనడానికి ముందే స్పీకర్‌ను ఒకసారి మెకానిక్ బల్ల మీద పెట్టవలసి ఉంటుంది. శబ్దం పలచగా వస్తోందని ఏఆర్-3ఏకు రెండింతల యాంప్లిఫయర్ తెచ్చినవారిలో కొందరికి అసలు జబ్బు వెనుక గుండీలకు పట్టిన చిలుమే. శబ్దాలను మూడు భాగాలుగా విడదీసి పంచే క్రాసోవర్‌లోని కెపాసిటర్లు, మెకానిక్‌ల మాటలో కండెన్సర్లు, దశాబ్దాలు గడిచేసరికి విలువ మారిపోతాయి. మల్టీమీటర్ పెట్టి చూస్తే 8 ఓమ్‌ల స్పీకర్ కాయిల్ నిరోధం 6, 7 మధ్య, 4 ఓమ్‌లది 3 పైచిలుకు చూపాలి. అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టు. పాడైన ఫోమ్ వలయాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు గాని, కోన్ సరిగ్గా మధ్యకు రాకుండా అతికిస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుని గీరుతుంది.

విమానంలో ఒక పెట్టెకు అనుమతించే బరువు తరచుగా 23 కిలోలు, ఏఆర్-3ఏ బరువు 24. బరువు తగ్గించడానికి మంద్రశబ్దం పలికే ఊఫర్‌ను విప్పి వేరుగా కట్టుకుని తెచ్చినవారు ఇక్కడ మళ్లీ బిగించేటప్పుడు దాని అంచు కింది మెత్తని సీలింగ్ ముద్దను కూడా కొత్తగా వేయించాలి. గాలి చొరబడకపోవడమే ఆ పెట్టెకు ఊపిరి కనుక, బిగించాక కోన్‌ను వేళ్లతో మెల్లగా లోనికి నొక్కి వదిలి చూడాలి. చటుక్కున వెనక్కి వస్తే ఎక్కడో సందు ఉన్నట్టు; నెమ్మదిగా, బరువుగా తన చోటికి చేరితే యాంప్లిఫయర్ కోసం దుకాణానికి బయలుదేరవచ్చు.